ఆయిల్ డబ్బా చూశాకే మూత తియ్యి

చిట్టీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, మీ నాన్న మారుతి 800 కారు ఇంజిన్ దించేసి నువ్వు ఎలక్ట్రిక్ మోటారు బిగిస్తున్నావని చెప్పింది. ఎంత సంతోషమేసిందో అంత బెంగా పట్టుకుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కే బండి అది. కింద మాడ్చే ఎండ, పైన ముంజేతి దూరం కనబడని మంచు. మోటారు, బ్యాటరీ సంగతి నీకే బాగా తెలుసు. ఏసీ, హీటర్ సంగతి మాత్రం నా మాట విను.

ముందు చిన్నవి. ఆమోదం ఉన్న కిట్టే వాడు, ఆర్‌సీలో మార్పు రాయించు, బీమా వాళ్లకి చెప్పు. హై వోల్టేజీ పారే ఆరెంజ్ వైర్ల జోలికి వెళ్లేముందు బ్యాటరీ ప్లగ్ పీకి, పది నిమిషాలు ఆగి, మీటరు పెట్టి చూసుకో.

ఇంజిన్‌తో పాటు ఏసీ కంప్రెసర్ తిప్పే బెల్టూ పోయింది, హీటర్‌కి వేడినీళ్లూ పోయాయి. పాత కంప్రెసర్‌నే బండి మోటారుకి బెల్టేసి తిప్పుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. సిగ్నల్ దగ్గర బండి ఆగితే మోటారు ఆగుతుంది, దాంతో ఏసీ కూడా. తన మోటారు తన లోపలే ఉండే ఎలక్ట్రిక్ స్క్రోల్ కంప్రెసర్ కొను. 12 వోల్టులది వద్దు. 1.2 కిలోవాట్లు లాగాలంటే 12 వోల్టుల మీద 100 ఆంపియర్లు, బ్యాటరీ కరెంటుని 12 వోల్టులకి దించే నీ డీసీ కన్వర్టర్ తట్టుకోలేదు. 96 వోల్టుల మీదైతే పన్నెండున్నరే. నీవి 30 ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ కదా, నిండుగా ఉంటే 109.5 వోల్టులు, అడుగంటితే 84. కొనేముందు లేబుల్ మీద ఈ రెండు అంకెలూ ఇముడుతున్నాయో లేదో చూడు. కంప్రెసర్ మోటారుని నడిపే ఇన్వర్టర్‌లో కెపాసిటర్లుంటాయి. ప్రీచార్జ్ అయ్యాక (అంటే కెపాసిటర్లు మెల్లగా నిండాక) మూసుకునే మెయిన్ కాంటాక్టర్, అదే పెద్ద రిలే స్విచ్చు, తర్వాతే కంప్రెసర్‌కి లైన్ తీసుకో, లేకపోతే రవ్వలు లేచి కాంటాక్టులు అతుక్కుపోతాయి. దానికి విడిగా డీసీ ఫ్యూజ్ పెట్టు. కంప్రెసర్ తిరిగినంతసేపూ కండెన్సర్ (వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యాన్ తిరగాల్సిందే.

ఏసీ కరెంటు తినేది గంటల లెక్కన, కిలోమీటర్ల లెక్కన కాదు. నీ బ్యాటరీ 9.6 యూనిట్లు, బండి కిలోమీటరుకి 100 వాట్ అవర్లు తాగుతుందనుకుందాం. ఏసీ లేకపోతే 96 కిలోమీటర్లు. ఏసీ సగటున ఒక కిలోవాట్ లాగితే, ఊళ్లో 20 స్పీడులో పాకుతున్నప్పుడు 64కే అయిపోతుంది. అదే 50 స్పీడులో 80 వస్తుంది. అందుకే బయల్దేరే ముందు, ఇంకా చార్జింగ్‌లో ఉండగానే ఏసీ వేసి బండి చల్లబరుచుకో. పైకప్పు రేకు లోపలివైపు ఫోమ్ అతికించు. అద్దాలకి నల్ల ఫిల్మ్ అంటించకు, 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది.

ఇప్పుడు అసలు మాట. నిదానంగా చదువు.

ఆయిల్. బెల్టుతో తిరిగే పాత కంప్రెసర్లలో పీఏజీ (పాలీ ఆల్కలీన్ గ్లైకాల్) ఆయిల్ పోస్తారు. అన్నీ ఒకటేనని ఎలక్ట్రిక్ కంప్రెసర్‌లోనూ అదే పోసిన తప్పు నాది, దాని ఖరీదు ఒక కొత్త కంప్రెసర్. పాత దాంట్లో ఆయిల్ పని జారుడే. ఇక్కడ మోటారు వైండింగ్ గ్యాస్‌లోనూ ఆయిల్‌లోనూ మునిగి ఉంటుంది. అంటే ఆయిల్ ఇన్సులేషన్‌గా కూడా పనిచెయ్యాలి. పీఏజీ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, కరెంటుని బాడీకి జారనిస్తుంది. ఇక్కడ వాడాల్సింది పీఓఈ (పాలియోల్ ఎస్టర్) ఆయిల్, అదీ కంప్రెసర్ చేసినవాళ్లు చెప్పిన గ్రేడే. పీఓఈ కూడా తేమ లాగుతుంది. మూత తీసిన డబ్బా మర్నాటికి దాచకు.

దారుణం ఏమిటంటే ఈ తప్పు మొదటి రోజు కనబడదు. ఏసీ చల్లగానే వస్తుంది. కొన్నాళ్లకి బ్యాటరీని కాపలా కాసే బీఎమ్ఎస్ ఇన్సులేషన్ లోపమని బండిని ఆపేస్తుంది, అందరూ బ్యాటరీ విప్పి వెతుకుతారు. పీఏజీని చేతులారా పొయ్యక్కర్లేదు, అదే దొంగదారిన వస్తుంది. పాత ఎవాపరేటర్ (లోపల గాలిని చల్లబరిచే జాలీ) అడుగున ఉండిపోయిన నాలుగు చుక్కలు, మెకానిక్ ప్రెషర్ చూసే గేజ్ గొట్టాల్లో మిగిలిన తడి, ఆయిల్ కలిపి అమ్మే చిన్న గ్యాస్ డబ్బాలు, లీకు కనిపెట్టే రంగు మందు. ఎవాపరేటర్, కండెన్సర్ రెండూ కొత్తవి వేస్తే మేలు. డబ్బు చాలకపోతే ఫ్లషింగ్ మందుతో కడిగి, పొడి నైట్రోజన్‌తో ఆరేదాకా ఊదు. రబ్బరు గొట్టాలు కడిగితే శుభ్రం కావు, పారెయ్. గ్యాస్‌లో తేమ పట్టే డ్రయ్యర్ కొత్తది, ఓ-రింగులు కొత్తవి.

బిగించిన రోజే కంప్రెసర్ వైర్లు బ్యాటరీ నుంచి విడదీసి, ఆ వైర్ల ప్లస్సూ మైనస్సూ కలిపి, ఇన్సులేషన్ కొలిచే 250 వోల్టుల మెగ్గర్‌తో బాడీకి కొలిచి, వచ్చిన అంకె డ్యాష్‌బోర్డు లోపల రాసి పెట్టు. ఏడాదికోసారి కొలిచి పోల్చుకో. అంకె పడిపోతుంటే ఆయిల్ చెడుతున్నట్టే.

మిగతాది నీకు తెలిసిందే. నైట్రోజన్‌తో లీకు చూడు, ముప్పావు గంట వాక్యూమ్ లాగు, పంపు ఆపి ఇరవై నిమిషాలు ముల్లు కదలకుండా ఉందో చూడు. గ్యాస్ తూకం వేసి ఎక్కించు. గొట్టాల పొడవు మారింది కాబట్టి పాత స్టిక్కర్ లెక్క పనికిరాదు. తక్కువతో మొదలుపెట్టి, బయట 35 డిగ్రీలున్నప్పుడు లో సైడ్ 30-35 పీఎస్ఐ, హై సైడ్ 200-250 దగ్గర ఆపు.

హీటర్ అంటే నాకు భయం, దాచుకోను. పాత హీటర్ కోర్ స్థానంలో 1.5 కిలోవాట్ల పీటీసీ (కరెంటుతో వేడెక్కే పింగాణీ హీటర్) చాలు. వేడెక్కేకొద్దీ తనే కరెంటు తగ్గించుకుంటుంది. అయినా బ్లోయర్ తిరగనిదే అది వెలగకూడదు, పక్కనే థర్మల్ ఫ్యూజ్ ఉండాలి. ఇంట్లో రూమ్ హీటర్ స్విచ్చు, రిలే పీకి వాడావంటే ఊరుకోను. వాటి మీద రాసే 250 వోల్టులు ఇంట్లో వచ్చే ఆల్టర్నేటింగ్ కరెంటుకి. అందులో కరెంటు క్షణక్షణం సున్నాకి వచ్చి ఆర్క్ ఆరిపోతుంది. బ్యాటరీ ఇచ్చే డీసీలో ఆ సున్నా రాదు, కాంటాక్టులు విడిపోయినా మధ్యలో మంట నిలుస్తుంది. అది నీ మోకాళ్ల దగ్గర. డీసీ కాంటాక్టరే కొను, ఎంతైనా సరే.

ఒళ్లు వెచ్చగా ఉండటానికి సీటు కింద 50 వాట్ల ప్యాడ్ వేసుకో. హీటర్‌ని ముందు అద్దం మీద మంచు పోగొట్టడానికి దాచుకో. చేత్తో అద్దం తుడుచుకుంటూ మలుపులు తిప్పే అలవాటు నీకుంది, చూశాను, మానెయ్. బాక్సులో ముందు బ్లోయర్, తర్వాత ఎవాపరేటర్, ఆ తర్వాత పీటీసీ, ఇదే వరస. మంచులో ఏసీ, హీటర్ రెండూ వేసి, బయటి గాలి తెరువు. ఎవాపరేటర్ మీద తేమ నీరై కారిపోతుంది, పొడిగాలి వేడెక్కి అద్దానికి తగులుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో తేటపడుతుంది.

చిన్నప్పుడు ఆ బండిలో రెండు సీట్ల మధ్య నిలబడి, ఏసీ గాలి మొహానికే కొట్టాలని పేచీ పెట్టేదానివి. మీ నాన్న చల్లారిన చేత్తో నీ బుగ్గ తాకేవాడు.

నీకోసం గేజ్ గొట్టాలు మూడూ కొత్తవి కొన్నాను. ఇంతవరకూ వాటిలో చుక్క ఆయిల్ పడలేదు. రెండు చివర్లూ మూసి, తెల్ల టేపు చుట్టి, బీరువా పైన పెట్టాను. వాక్యూమ్ పెట్టే రోజు ముందుగా చెప్పు, పట్టుకుని బస్సెక్కుతాను.

మీ మామయ్య