బస్సెక్కాలంటే భయపడుతున్న అమ్మలుకి

అమ్మలూ,

వచ్చే వారం నుంచి ఆఫీసుకి బస్సులో వెళ్లి, మధ్యలో మెట్రో మారాలని, ఆ మాట తలుచుకుంటేనే నీకు టెన్షన్‌గా ఉందని మీ అమ్మ రాత్రి ఫోన్‌లో చెప్పింది. నీ బాధ నాకు తెలుసు. స్కూటర్ మానేసి మొదటిసారి బస్టాపులో నిలబడ్డ రోజు నాకూ ఏడుపొచ్చింది. రద్దీని ఎలాగో ఓర్చుకున్నాను గానీ, బయల్దేరే వేళ నా చేతిలో లేకుండా పోయిందే అన్న దిగులు చాలా రోజులు వదల్లేదు. ఆ తర్వాత పందొమ్మిదేళ్లు అలాగే తిరిగాను.

ముందు ఈ సెలవు రోజున, తొందరేమీ లేనప్పుడు, ఒక్కసారి ఆఫీసు దాకా వెళ్లి రా. నువ్వు దిగే స్టాపుకి ముందు వచ్చే స్టాపు ఏదో గుర్తుపెట్టుకో, అక్కడే సీట్లోంచి లేవాలి. తిరిగొచ్చేటప్పుడు ఎక్కాల్సిన స్టాపు సరిగ్గా ఎదురుగానే ఉంటుందనుకోకు. వన్‌వే అయితే పక్క వీధిలో ఉండొచ్చు. నేను మొదటి వారంలోనే నంబరు చూసి, ఎటు పోతోందో చూడకుండా ఎక్కేశాను. చివరి స్టాపులో దించేశాక చూస్తే ఇంటికి పూర్తిగా అవతలి వైపున ఉన్నాను. అప్పటికే చీకటి పడిపోయింది. ఇప్పటికీ బోర్డు మీద ఊరి పేరో వీధి పేరో చదవనిదే మెట్టు మీద కాలు పెట్టను.

ఎంతసేపటికీ రాని బస్సు, వస్తే రెండు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. డ్రైవర్లు కావాలని చేస్తారని నేనూ మండిపడేదాన్ని. ముందు బస్సు కాస్త ఆలస్యమైతే స్టాపుల్లో జనం పోగవుతారు, వాళ్లంతా ఎక్కి దిగేసరికి అది ఇంకా వెనకపడుతుంది. వెనకదానికి ఎక్కేవాళ్లు తక్కువ కాబట్టి వచ్చి దీన్ని అందుకుంటుంది. అందుకే రెండోది కంటికి కనిపిస్తుంటే మొదటిదాంట్లో తోసుకుంటూ ఎక్కకు. చాలాసార్లు రెండోదాంట్లో చోటు దొరుకుతుంది. ఇంకో మాట, నిన్ను సరిగ్గా టైముకి చేర్చే బస్సుని నమ్ముకోకు. దానికి ముందు వెళ్లే బస్సు నీది అనుకో. మధ్యలో మారేవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

నిలబడాల్సి వస్తే పక్కకి తిరిగి, ఒక కాలు బస్సు ముందువైపుకి, ఒకటి వెనకవైపుకి ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త సడలించు. బ్రేకు పడితే బండి ఆగుతుంది గానీ మన ఒళ్లు ముందుకే పోతుంది. బ్యాగు ముందుకి వేసుకో. వెనక చివరి సీట్లలో కుదుపు ఎక్కువ, మధ్యలో నయం. కడుపులో తిప్పినట్టుంటే ఫోన్ లోపల పెట్టేసి కిటికీలోంచి దూరంగా చూడు. తలుపు దగ్గర మాత్రం ఫోన్ బయటికి తీయకు.

ఎవరైనా ఒంటిమీదికి ఒరిగి ఇబ్బంది పెడితే ఓర్చుకోకమ్మా. మొదట్లో నోరు పెగలక మధ్యలోనే దిగి నడిచి వెళ్లిపోయేదాన్ని. ఒకరోజు గట్టిగా “దూరం జరగండి” అన్నాను. గొంతు వణికింది. పక్కనున్న పెద్దావిడ నా మణికట్టు పట్టుకుని తన వెనక్కి లాక్కుంది, నేను దిగేదాకా నాకూ ఆ ఇబ్బంది పెట్టే మనిషికీ మధ్య అడ్డంగా నిలబడింది. ఆవిడ పేరు నాకు తెలీదు. ఆ చేతి పట్టు మాత్రం ఇంకా గుర్తుంది.

గణితవేత్త బ్లేజ్ పాస్కల్ చొరవతో 1662లో పారిస్‌లో ఇప్పటి బస్సుల్లాగా గుర్రపు బళ్లు నడిచాయి. నిర్ణయించిన దారిలో, నిర్ణయించిన వేళకి, బండి నిండినా నిండకపోయినా బయల్దేరాలన్నది వాటి నియమం. ఈ సంగతి చదివినప్పుడు నాకు చాలా బాగా అనిపించింది. నేనొక్కదాన్నే ఉన్నా నా కోసం బండి కదులుతుంది, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. స్కూటర్ వదిలేశాక కూడా నేను ఎవరి మీదా ఆధారపడకుండా తిరిగింది ఆ ధైర్యంతోనే.

సెలవు రోజు వెళ్లొచ్చాక ఫోన్ చెయ్యి. తిరుగు బస్సు ఎక్కే స్టాపు ఎక్కడుందో నాకు చెప్పాలి.

ప్రేమతో,
పెద్దమ్మ