ఓ మోస్తరు క్వార్టర్‌బ్యాక్‌కి కోట్లు పోయొచ్చా? పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

గోదావరి జిల్లాల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళకి ఇప్పుడు అక్కడి ఫుట్‌బాల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్) గోల కూడా వచ్చి చేరింది. ఈమధ్య అందిన ప్రశ్నలన్నీ దాదాపు ఒక్క విషయం మీదే: బాగానే ఆడతాడు గానీ మొదటి వరసవాడు కాదు అనిపించే క్వార్టర్‌బ్యాక్‌కి, అంటే బంతి విసురుతూ జట్టు దాడిని నడిపించే ఆటగాడికి, అంత సొమ్మెందుకు అని. లెక్కలన్నీ డాలర్లలోనే ఇస్తున్నాం. అక్కడి వార్తల్లో 160 మిలియన్లు అని కనిపిస్తే అది 16 కోట్ల డాలర్లు.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడండి. వాళ్ళ కౌబాయ్స్ జట్టు డాక్ ప్రెస్కాట్‌కి ఏడాదికి 6 కోట్ల డాలర్లు ఇస్తోందట. ఆయన ప్లేఆఫ్స్‌లో గెలిచింది రెండంటే రెండు మ్యాచ్‌లట. అంత ఎవరు ఇవ్వమన్నారండీ?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఎవరూ ఇవ్వమనలేదండి. ఇవ్వక తప్పని స్థితిని జట్టే కొనితెచ్చుకుంది.

ముందు సాలరీ క్యాప్ సంగతి. జట్టు మొత్తం జీతాల పద్దు ఏటా ఇంతకు మించకూడదని లీగ్ గీత గీస్తుంది. 2023లో అది 22.48 కోట్లు, 2024లో 25.54 కోట్లు, 2025లో 27.92 కోట్లు. అందులోనే 53 మందిని సర్దుకోవాలి. యజమాని ఎంత కోటీశ్వరుడైనా పైన రూపాయి వేయడానికి లేదు. కాబట్టి ఒకడికి ఎక్కువిస్తే ఆ తేడా మిగతా 52 మంది వాటాలోంచే పోతుంది.

ప్రెస్కాట్‌ని 2016 డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) నాలుగో రౌండ్‌లో తీసుకున్నారు. మొదటి నాలుగేళ్ళూ చౌకగా ఆడాడు. ఆ తరువాత కుదరాల్సిన ఒప్పందాన్ని నానుస్తూ 2021 దాకా తెచ్చారు. అప్పటికి మిగతా క్వార్టర్‌బ్యాక్‌ల ధరలు పెరిగిపోయాయి. నాలుగేళ్ళకి 16 కోట్లు ఇవ్వడమే కాక, ఇంకో రెండు షరతులకీ తలూపారు: అతను ఒప్పుకోకుండా వేరే జట్టుకి పంపకూడదు, గడువు తీరాక ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసి, అంటే ఇంకో ఏడాది బలవంతంగా అట్టేపెట్టుకుని, ఆపకూడదు. పైగా ఏటా కొంత జీతాన్ని బోనస్‌గా మార్చి భారాన్ని రాబోయే సంవత్సరాలకి తోస్తూ వచ్చారు. 2024 తరువాత అతను వెళ్ళిపోతే, జట్టులో లేని మనిషి పేర 2025 పద్దులో దాదాపు 4 కోట్లు పడే పరిస్థితి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. 2024 సెప్టెంబర్‌లో సీజన్ మొదటి మ్యాచ్ రోజున నాలుగేళ్ళకి 24 కోట్లు, అందులో 23.1 కోట్లు గ్యారంటీ అని సంతకం పెట్టారు. నవంబర్‌లో తొడ కండరం చిరిగి అతని సీజన్ ముగిసింది.

ప్రెస్కాట్‌ని మరీ తీసిపారేయకండి. 2023 సీజన్‌లో లీగ్‌లో అందరికన్నా ఎక్కువగా 36 టచ్‌డౌన్ పాస్‌లు (స్కోరు తెచ్చే విసుర్లు) వేసింది ఆయనే. మా ఫిర్యాదు ఆటగాడి మీద కాదు, ఆలస్యం మీద.

ప్రశ్న: సార్, క్వార్టర్‌బ్యాక్ డానియల్ జోన్స్‌కి 16 కోట్లు అన్నారు, రెండేళ్ళు తిరక్కుండా వదిలేశారు. మరి ఆ 16 కోట్లూ ఇచ్చినట్టేనా? డెడ్ మనీ లెక్క ఎలా వేస్తారో అంకెలతో చెప్పండి.
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, అమలాపురం

జవాబు: అందులో సగమే ఇచ్చారు. లెక్క చూద్దాం.

2023 మార్చిలో న్యూయార్క్ జెయింట్స్ రాసుకున్నది నాలుగేళ్ళకి 16 కోట్లు. గ్యారంటీ సుమారు 8.2 కోట్లు. అంటే మొదటి రెండేళ్ళ సొమ్ము ఖాయం, మిగతా రెండేళ్ళూ జట్టు ఇష్టం. ఇందులో సైనింగ్ బోనస్ 3.6 కోట్లు. బోనస్ డబ్బు ఆటగాడి చేతికి ముందే వెళ్ళిపోతుంది, పద్దులో మాత్రం ఒప్పందం ఉన్నన్నాళ్ళూ సమానంగా పంచి చూపిస్తారు, గరిష్ఠంగా ఐదేళ్ళకి. ఇక్కడ నాలుగేళ్ళు కాబట్టి ఏడాదికి 90 లక్షలు. రెండేళ్ళకి కోటీ 80 లక్షలు చూపించడం అయింది. ఆటగాణ్ణి తీసేస్తే చూపించకుండా మిగిలిన కోటీ 80 లక్షలూ ఒక్కసారిగా 2025 పద్దులో పడతాయి. మధ్యలో 2023లోనే ఇంకొంత జీతాన్ని బోనస్‌గా మార్చారు, దాని శేషం మరో 42 లక్షలు. వెరసి సుమారు 2.22 కోట్లు. అదే డెడ్ మనీ. చెరువు లీజు ముందే కట్టేశాక నెలన్నరకే తెల్లమచ్చ వచ్చి రొయ్య పోయినట్టు: లీజు తిరిగి రాదు, ఆ ఏడాది ఖాతాలో మాత్రం ఉంటుంది.

ఇంకో మెలిక ఉంది, గాయం గ్యారంటీ. 2024లో జోన్స్ గాయపడి మార్చి నాటికి కోలుకోకపోతే 2025కి 2.3 కోట్లు కట్టాలి. అందుకే నవంబర్‌లో బెంచ్ మీద కూర్చోబెట్టారు, ఆ వారంలోనే వదిలేశారు. సరిగ్గా ఆడకపోవడం ఒక కారణం, ఆడుతూ దెబ్బ తగిలితే అన్న భయం రెండో కారణం.

ఇంతకీ తప్పు ఎక్కడ జరిగింది? అందరూ 2023 మార్చిని చూపిస్తారు. మేమైతే 2022 మేని చూపిస్తాం. మొదటి రౌండ్‌లో తీసుకున్న ఆటగాడికి ఐదో ఏడాది కూడా ఉండేలా జట్టుకి ఒక హక్కు ఉంటుంది, మూడో సీజన్ అయ్యాక మే మొదట్లో దాన్ని వాడుకోవాలో వద్దో తేల్చాలి. జోన్స్‌కి ఆ ఐదో ఏడాది ఖరీదు సుమారు 2.2 కోట్లు. కొత్తగా వచ్చిన యాజమాన్యం వద్దనుకుంది. ఆ సీజన్‌లో అతను కుదురుగా ఆడాడు, 2023 జనవరిలో మిన్నెసోటా మీద ప్లేఆఫ్ మ్యాచ్‌లో 301 గజాలు విసిరి, 78 గజాలు పరిగెత్తి గెలిపించాడు. ధర ఆ సాయంత్రమే పెరిగింది. హక్కు వాడుకుని ఉంటే 2023ని ఆ 2.2 కోట్లతో గడిపి, ఆ ఏడాది మెడ దెబ్బ, తరువాత మోకాలి లిగమెంట్ తెగడం చూశాక తీరిగ్గా నిర్ణయించుకునేవారు.

అసలు నష్టం ఇంకోచోట ఉంది. జోన్స్‌కి అంత ఇచ్చాక రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) సేక్వాన్ బార్క్‌లీకి ఏడాది ట్యాగ్ వేసి సరిపెట్టారు, 2024లో పోనిచ్చారు. ఫిలడెల్ఫియా అతన్ని మూడేళ్ళకి 3.775 కోట్లకి తీసుకుంది. ఆ సీజన్‌లో 2,005 గజాలు పరిగెత్తి సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచాడు.

ప్రశ్న: ఐపీఎల్‌లో లక్నో వాళ్ళు పంత్‌కి 27 కోట్ల రూపాయలు పెట్టారు కదండీ, 120 కోట్ల పర్సులో. అదీ ఇదీ ఒకటే కదా. నచ్చకపోతే వదిలేసి ఇంకొకణ్ణి కొనుక్కోవచ్చు కదా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: శాతం చూస్తే దగ్గరగానే ఉంటుంది: పంత్‌ది 22.5 శాతం, ప్రెస్కాట్ సగటు 2024 క్యాప్‌లో 23 పైచిలుకు. కానీ వదిలేసే దగ్గర నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. కోల్‌కతా వెంకటేశ్ అయ్యర్‌ని 23.75 కోట్ల రూపాయలకి కొని ఒక్క సీజన్ తరువాత వదిలేస్తే ఆ సొమ్మంతా మళ్ళీ పర్సులోకి వచ్చేసింది. అక్కడ డెడ్ మనీ లేదు. అమెరికాలో అలా కాదు, పైన చూశారు కదా.

రెండోది, కొనడానికి సరుకుండాలి. జట్లు 32. ప్రతి బంతీ క్వార్టర్‌బ్యాక్ చేతి మీదుగానే వెళ్తుంది, ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో అతనే తేల్చుకోవాలి. ఆ పని నమ్మకంగా చేసేవాళ్ళు 32 మంది ఎప్పుడూ ఉండరు. కాబట్టి ఓ మోస్తరువాడి ధర అతని ఆటని బట్టి కాక, అతను లేకపోతే ఏమవుతుందన్న భయాన్ని బట్టి పలుకుతుంది. అట్లాంటా 2024 మార్చిలో 35 ఏళ్ళ కర్క్ కజిన్స్‌కి నాలుగేళ్ళకి 18 కోట్లు రాసిచ్చింది, 10 కోట్లు గ్యారంటీ. ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో ఎనిమిదో స్థానంలో మైకేల్ పెనిక్స్ అనే మరో క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుంది. డిసెంబర్‌కల్లా కజిన్స్ బెంచ్ మీద. ఒకే కుర్చీకి రెండు బీమాలు కట్టడమంటే ఇదే.

అయితే భయపడకుండా కొన్నవాళ్ళూ ఉన్నారు. టాంపా బే 2023లో బేకర్ మేఫీల్డ్‌ని ఒక్క ఏడాదికి 40 లక్షల కనీస జీతంతో, ప్రోత్సాహకాలు కలిపి 85 లక్షల దాకా ఇచ్చేలా తీసుకుంది. ఆడాడు, తరువాతే మూడేళ్ళకి 10 కోట్లు. మిన్నెసోటా 2024లో సామ్ డార్నాల్డ్‌కి ఏడాదికి కోటి ఇచ్చి 14 మ్యాచ్‌లు గెలిచింది. అతను మరుసటి ఏడాది సియాటిల్‌కి మూడేళ్ళకి 10.05 కోట్లకి వెళ్ళాడు. ఇద్దరూ ఇతర జట్లు వద్దనుకున్నవాళ్ళే. మంచి కోచ్, పాస్ అందుకునే మంచి చేతులు ముందే ఉన్న జట్లలోకి వెళ్ళారు, అదీ కిటుకు.

ప్రశ్న: జారెడ్ గోఫ్‌ని కూడా ఓ మోస్తరువాడనే అన్నారు కదండి. డెట్రాయిట్‌కి ఎలా కలిసొచ్చింది మరి?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. ఒకే మనిషి, రెండు జట్లు. రామ్స్ 2019లో గోఫ్‌కి నాలుగేళ్ళకి 13.4 కోట్లు రాసి, రెండేళ్ళలోపే విసిగిపోయి, అతనితోపాటు రెండు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌లు (ఎంపిక హక్కులు), ఒక మూడో రౌండ్ పిక్ ఎదురిచ్చి మాథ్యూ స్టాఫర్డ్‌ని తెచ్చుకుంది. 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచింది. డెట్రాయిట్ ఆ పాత ఒప్పందంతోనే గోఫ్‌ని నడిపించి, ఈలోగా లైన్, అంటే క్వార్టర్‌బ్యాక్‌కి కాపలాగా నిలబడే వరస, కట్టుకుంది. 2021లో ఏడో పిక్‌తో పెనే సూయెల్‌ని తీసుకోవడం అందులో భాగమే. గోఫ్‌కి ఎదుటివాళ్ళు మీదకొస్తే కాళ్ళాడవు, నిలకడగా నిలబడే చోటిస్తే బంతి సరిగ్గా చేరుస్తాడు. లైన్ నిలబడ్డాక, 2024 మేలో నాలుగేళ్ళకి 21.2 కోట్లు ఇచ్చారు. ఆ సీజన్‌లో 15 గెలుపులు, 2 ఓటములు.

క్రమం గమనించండి. ముందు లైన్, తరువాత డబ్బు. జెయింట్స్ తిరగేసి చేసింది.

ఇలాంటివాళ్ళతో కప్పు రాదా అంటే వస్తుంది, చౌకగా ఉన్నప్పుడు. 2000 సీజన్‌లో ట్రెంట్ డిల్ఫర్‌తో బాల్టిమోర్ గెలిచింది. అదే బాల్టిమోర్ 2012 సీజన్‌లో జో ఫ్లాకోతో గెలిచింది. ప్లేఆఫ్స్‌లో 11 టచ్‌డౌన్ పాస్‌లు, ఎదుటివాళ్ళ చేతికి చిక్కిన పాస్ (ఇంటర్‌సెప్షన్) ఒక్కటీ లేదు. ఆ ఊపులో ఆరేళ్ళకి 12.06 కోట్లు ఇచ్చారు. ఆ తరువాత అక్కడ అతను గెలిచిన ప్లేఆఫ్ మ్యాచ్ ఒక్కటే. క్యాప్‌లో 17 శాతం మింగుతూ కప్పు కొట్టినవాడు 2022 సీజన్‌లో కాన్సాస్ సిటీ మేటి క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్. మహోమ్స్‌ని చూసి అందరికీ అదే వాటా ఇస్తామంటే మేము ఏమీ చెప్పలేం.

ప్రశ్న: వార్తలో అంకె చూడగానే ఒప్పందం మంచిదో చెడ్డదో తెలుసుకునే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: తలకట్టులో అంకెని ముందు పక్కన పెట్టండి. సంతకం రోజునే పూర్తిగా ఖాయమైంది ఎంత అన్నది వెతకండి, 'గ్యారంటీ' అని ప్రచారం చేసే దాంట్లో గాయమైతేనే వచ్చేది కూడా కలిపేస్తారు. తరువాత, ఏ ఏడాదికి వచ్చేసరికి డెడ్ మనీ ఆ ఏడాది అతని క్యాప్ భారం కన్నా తగ్గుతుందో చూడండి. అదే బయటపడే దారి. ఓవర్ ద క్యాప్, స్పాట్రాక్ అనే సైట్లలో ఆటగాడి పేజీ తెరిస్తే రెండూ పక్కపక్క వరసల్లోనే ఉంటాయి.

డాలర్లు కాదు, శాతం లెక్కించండి. 4 కోట్లు 2023 క్యాప్‌లో దాదాపు 18 శాతం, 2025 క్యాప్‌లో 14 చిల్లర. క్యాప్ పెరుగుతున్నన్నాళ్ళూ ముందుగా సంతకం చేయించుకున్న జట్టే లాభపడుతుంది. ఓ మోస్తరువాడికైనా త్వరగా ఇస్తే చాలామటుకు సర్దుకుంటుంది. కజిన్స్ లాంటి పెద్ద వయసువాళ్ళకి ఈ సూత్రం పనికిరాదు.

ఇక జాగ్రత్తగా చూడాల్సింది 'రీస్ట్రక్చర్' అన్న మాట. 2 కోట్ల జీతాన్ని బోనస్‌గా మార్చి ఐదేళ్ళకి పంచారనుకోండి. ఈ ఏడాది 40 లక్షలే కనిపిస్తుంది, కోటీ 60 లక్షలు రాబోయే ఏళ్ళకి పోతుంది. ఆటగాడికి పైసా తగ్గదు. అప్పు చేసి పప్పుకూడు. ఐదేళ్ళు మిగల్లేదంటే అసలు ఆడని ఉత్తుత్తి సంవత్సరాలు చివర్న తగిలిస్తారు, వాటిని వాయిడ్ ఇయర్స్ అంటారు. ఇలా రెండుసార్లు చేస్తే ఆటగాణ్ణి తీసేయడం ఉంచుకోవడం కన్నా ఖరీదవుతుంది. న్యూ ఓర్లీన్స్ 2023లో డెరెక్ కార్‌కి నాలుగేళ్ళకి 15 కోట్లు రాసింది, 2025 మేలో భుజం దెబ్బతో అతను రిటైరయ్యాడు. బోనస్ శేషాలు మాత్రం రిటైరవలేదు.

మా కొలత ఇది: ఓ మోస్తరువాడికి రెండేళ్ళ గ్యారంటీ, క్యాప్‌లో 15 శాతం లోపు అయితే ఇవ్వండి. మూడో ఏడాది గ్యారంటీ అడిగితే చేతులు జోడించి పంపించండి.

ప్రశ్న: 'జూన్ 1 తరువాత విడుదల' అంటే ఏమిటండీ?
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: డెడ్ మనీని రెండేళ్ళకి విడగొట్టే సదుపాయం. మార్చిలోనే వదిలేసినా, జూన్ 1 తరువాత వదిలినట్టు రాసుకోవచ్చు. ఏడాదికి ఇద్దరికే. ఈ ఏడాది బోనస్ వాటా ఈ ఏడాది, మిగిలిందంతా వచ్చే ఏడాది పద్దులో పడుతుంది. చిక్కేమిటంటే, ఆదా అయ్యే సొమ్ము జూన్ దాకా వాడుకోవడానికి కుదరదు, అప్పటికి మంచి ఆటగాళ్ళందరూ అమ్ముడైపోయి ఉంటారు. డెన్వర్ 2024లో రసెల్ విల్సన్‌ని ఇలాగే వదిలింది: మొత్తం సుమారు 8.5 కోట్లు, 2024లో 5.3, 2025లో 3.2. అంత బరువు మోస్తూ కూడా ఆ ఏడాది 10 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్ళిందంటే, రూకీ (కొత్త ఆటగాడి) జీతానికి ఆడిన క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్ పుణ్యమే.