18446744073709551615 అనే సంఖ్యలో అంత ప్రత్యేకత ఏముంది?

ఈ సంఖ్య నాకు చిన్నప్పుడు పద్యంలో పరిచయమైంది. మళ్లీ కనిపించింది ఒక గోడౌన్ స్టాకు రిపోర్టులో.

ఆ సాఫ్ట్‌వేర్ మెయింటెనెన్స్ నాదే. ఓ పొద్దున్నే క్లయింటు ఫోన్: "కందిపప్పు బస్తాలు ఎన్నున్నాయో ఒకసారి చూడండి బాబూ." చూస్తే 18446744073709551615. స్టాకు సున్నా ఉండగానే ఎవరో ఒక బస్తా బయటికెళ్లినట్టు ఎంట్రీ వేశారు. మేమేమో ఆ లెక్కను మైనస్ పట్టని 64 బిట్లలో (ఒక్కో బిట్‌లో 0 లేదా 1 మాత్రమే పడుతుంది) దాచాం. పాత స్కూటర్ మీటరు సున్నాల దగ్గర వెనక్కి తిప్పితే అన్నీ తొమ్మిదులైనట్టు, ఇక్కడ 64 బిట్లూ ఒకట్లైపోయాయి. అంటే 2⁶⁴ − 1.

టెన్షన్‌లోనూ నవ్వొచ్చింది. మా పెదనాన్న తెలుగు పంతులు. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, అలా రెట్టిస్తూ పోతే 64 గళ్లకూ కలిపి ఎన్ని గింజలో చెప్పే పాత పద్యం మా చేత బట్టీ పట్టించారు. "శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియత్..." అని మొదలవుతుంది. శరమంటే మన్మథుడి బాణాలు, 5. శశి 1, షట్కం 6, చంద్రుడు 1, మళ్లీ శరం 5, సాయకమూ బాణమే కాబట్టి 5, నవరంధ్రాల లెక్కన 9, వియత్తు అంటే ఆకాశం, 0. అంకెల్ని కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. చివరి మాట తుహినాంశుడు, అదీ చంద్రుడే, 1. ఇరవై అంకెలూ రిపోర్టులో ఉన్నవే!

బియ్యం గింజలు గ్రాముకు 40 అనుకుంటే ఇది దాదాపు 46,000 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకే.

లెక్కల పరంగా నాకు బాగా నచ్చేది దీని కారణాంకాలు: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడూ వేర్వేరు ప్రధాన సంఖ్యలు, అందుకే దీన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు సరిగ్గా 128. వీటిలో 3, 5, 17, 257, 65537 గణితవేత్త ఫెర్మా పేరు మీదున్న ఫెర్మా సంఖ్యలు, అంటే 2¹ + 1, 2² + 1, 2⁴ + 1 అలా ఘాతాన్ని రెట్టిస్తూ పోతే వచ్చేవి. ఆ వరుసలో తర్వాతిదైన 4294967297 కూడా ప్రధాన సంఖ్యేనని ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపించాడు. మిగిలింది 6700417. కావాలంటే కాగితం మీద గుణించి చూడండి, రెండు నిమిషాల పని.

బగ్ సంగతంటారా, ఉన్న స్టాకు చాలకపోతే ఎంట్రీ తీసుకోకుండా ఒక్క లైను కలిపాం. పెదనాన్నకు ఫోన్ చేసి చెబితే, "మరి బస్తాలు పద్యంలోనే లెక్కపెట్టావా?" అన్నారు.