పాలల్లో అయోడిన్ వేస్తే నీలం రంగు

ప్రశ్న: మాది పర్లాకిమిడి అండీ. వాడుక పాల మీద డౌటొచ్చి మా బాబు రెండు చుక్కలు టింక్చర్ అయోడిన్ వేస్తే ముదురు నీలం వచ్చింది. పక్కింటి అక్క అవే పాలు మరిగించి వేడివేడిగా ఉండగానే వేసిందంట, రంగే రాలేదు. ఎవరిది కరెక్టు?

జవాబు: మీ బాబుదేనమ్మా. నీళ్లు కలిపాక పాలు చిక్కగా కనబడ్డానికి గంజో పిండో పోస్తారు, ఆ పిండిలో అమైలోజ్ అనేది స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని ఉంటుంది, అయోడిన్ పోయి ఆ చుట్టల్లో కూర్చుంటే మనకి నీలం కనిపిస్తుంది, వేడి తగిలితే చుట్ట వదులైపోయి అయోడిన్ బయటికొచ్చేస్తుంది, ఇంక రంగెక్కడిది! అక్కని మరిగించి బాగా చల్లార్చి వెయ్యమనండి, అదే అసలు పద్ధతి. ముందు ఒక అన్నం మెతుకు మీద చుక్క వేసి చూడండి, అది నల్లబడకపోతే మందు పనిచెయ్యట్లేదని అర్థం. గంజి అంటిన గరిటె వాడారో, పాపం పాలబ్బాయికి తిట్లు ఊరికే!

ఇది పిండి ఒక్కటే పడుతుంది. నీళ్లు, యూరియా దీనికి దొరకవు.

పారాణి కూడా ఇలాంటిదే కదా, పసుపులో సున్నం కలపగానే ఎర్రబడుద్ది, క్షారం తగిలితే పసుపు అంతే, చీర మీద పసుపు మరక సబ్బుకి ఎర్రగా అయ్యేదీ అందుకే. బావి నీళ్లకైతే హెచ్‌టూఎస్ సీసా ఉంది, అంటే మలంలో ఉండే సూక్ష్మజీవులు వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుని పట్టే పరీక్ష సీసా, 1982లో మనవాళ్లు తయారుచేసిందే, నీళ్లు పోసి ఒకట్రెండు రోజులు ఉంచితే నల్లబడిందా, మలం కలిసిందేమో అని అనుమానించాలి, కాచకుండా తాగొద్దు.