గ్రైండర్ పట్టుకునే ముందు ఈ ఉత్తరం చదువు

అల్లుడూ,

ఇంజిన్ సిలిండర్ హెడ్ ఊడదీసి బల్ల మీద పెట్టుకున్నానని రాశావు. పోర్టింగ్, అంటే హెడ్‌లో గాలి పోయే దారులైన పోర్టులను అరగదీసి సరిచేసే పని, సొంతంగా చేసుకోవాలా, షాపుకు ఇవ్వాలా అని అడిగావు. ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటే నీ పని చెడుతుంది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

గ్రైండర్ తిప్పడం కొన్నాళ్లు సాధన చేస్తే ఎవరికైనా వస్తుంది. ఎక్కడ ఆగాలన్నదే చిక్కు. అందుకని నా లెక్క ఇది: కంటితో చూసి, వేలితో తడిమి సరిచేయగలిగింది నువ్వు చెయ్. కొలిస్తే తప్ప తేలనిది డబ్బిచ్చి చేయించు.

వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచు సీటు, దాని కింద గిన్నెలా ఉండే చోటును బౌల్ అంటాం కదా, ముందు అక్కడ వేలు పెట్టి చూడు. ఫ్యాక్టరీ కట్టర్ ఆగిన చోట చిన్న గట్టు తగులుతుంది. గాలి సీటు దాటే ముందు దాన్నే గుద్దుకుంటుంది. ఆ గట్టు తీసేసి గోడలో కలిసిపోయేలా నునుపు చేస్తే, తీసిన లోహం కొంచెమే అయినా లాభం బాగా కనిపిస్తుంది. వాల్వ్ కాడ కదిలే గొట్టమైన గైడ్ చుట్టూ ఉండే దిమ్మను పక్కల నుంచి కాస్త సన్నం చెయ్యొచ్చు. గైడ్‌ను మాత్రం పొట్టి చెయ్యకు, వాల్వ్‌కు ఆసరా పోతుంది, వేడి దిగే దారీ తగ్గుతుంది.

కొత్తవాళ్లందరి చెయ్యీ ముందు పోర్ట్ నోటి మీదికే పోతుంది, పెద్దది చేస్తే గాలి ఎక్కువ వస్తుందన్న ఆశతో. పోర్ట్ అవసరాన్ని మించి పెద్దదైతే తక్కువ ఆర్‌పీఎంలో గాలి వేగం పడిపోతుంది, బండి లాగుడు తగ్గుతుంది. రోడ్డు మీద తిరిగే బండి ఎక్కువ భాగం ఆ ఆర్‌పీఎంలోనే నడుస్తుంది. గ్యాస్కెట్ పెట్టి గీత గీసుకుని, మ్యానిఫోల్డ్ నుంచి వచ్చే గాలికి హెడ్ అంచు అడ్డు తగలకుండా చూసుకో, చాలు.

అద్దంలా మెరిపించాలని కూడా అనుకోకు. గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ పోర్టును 80 నంబరు ఎమరీ దగ్గర ఆపేయ్. కార్బ్యురేటర్ బండిలో గోడకు అంటిన పెట్రోలు మళ్లీ గాలిలో కలవడానికి ఆ కాస్త గరుకు ఉండటమే మేలు. ఎగ్జాస్ట్ వైపు నునుపు చేసుకో, మసి తక్కువ పడుతుంది.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను, నువ్వు చెయ్యకుండా ఉండటానికి. పోర్ట్ అడుగు భాగం వంపు తిరిగి సీటు వైపు దిగే చోటును షార్ట్ సైడ్ అంటారు. నా మొదటి హెడ్‌లో ఆ వంపు అడ్డంగా ఉందనిపించి బాగా అరగదీశాను. చూడ్డానికి ఎంతో బాగుంది. ఇంజిన్ బిగిస్తే ముందున్న లాగుడు కూడా లేదు. హెడ్ మళ్లీ విప్పి, తెలిసిన ఒక పెద్దాయన దగ్గర, పోర్టులో గాలి ఎంత పోతోందో కొలిచే ఫ్లో బెంచ్ మీద పెట్టించాను. వాల్వ్‌ను కొంచెం కొంచెం తెరుస్తుంటే అంకె పెరుగుతూ వచ్చింది. ఒక ఎత్తు దాటాక బట్ట చింపినట్టు బరబరమని చప్పుడు, అంకె వెనక్కి. వేగంగా వచ్చే గాలి అంత మలుపు తిరగలేక గోడను వదిలేస్తోందని ఆయన చెప్పారు. తీసేసిన లోహాన్ని తిరిగి పెట్టలేం కదా, ఆ హెడ్ మూలన పడింది. షార్ట్ సైడ్ జోలికి మాత్రం వెళ్లకు.

ఇంగ్లండ్‌లో హ్యారీ వెస్లేక్ అనే ఇంజనీరు ఉండేవాడు. పోర్టులో గాలి ఎంత పోతోందో కొలిచి హెడ్‌లు దిద్దడంలో ఆయన దిట్ట. 1948లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌కే ఇంజిన్ హెడ్ వెనక ఆయన పని ఉంది. అంత అనుభవం ఉన్నవాడే కొలత మీద ఆధారపడితే, మన కంటి అంచనా ఏపాటిది?

షాపుకు వెళ్తే ముందూ తర్వాతా తీసిన ఫ్లో అంకెలు అడుగు. 28 అంగుళాల నీటి మట్టమంత పీడన తేడా దగ్గర తీసినవేనా అని కూడా అడుగు, లేకపోతే ఇంకో షాపు అంకెలతో పోల్చలేవు. అన్నిటికంటే పెద్ద అంకె ఒక్కటే చూపిస్తే ఒప్పుకోకు. వాల్వ్ పూర్తి ఎత్తుకు ఒక్కసారే చేరుతుంది, మధ్య ఎత్తులన్నీ తెరుచుకునేటప్పుడూ మూసుకునేటప్పుడూ రెండుసార్లు దాటుతుంది. అందుకే మధ్యలో వచ్చే అంకెలే ముఖ్యం. పోర్టులన్నీ దాదాపు ఒకేలా పారుతున్నాయో లేదో కూడా చూడు. నీ హెడ్‌కు సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) ప్రోగ్రాం ఉన్న షాపు దొరికితే ఆ సమానత్వం తేలిగ్గా వస్తుంది. వాల్వ్‌లను తెరిచే క్యామ్, ఎగ్జాస్ట్ కంపెనీవే ఉంచేట్టయితే మాత్రం అంత ఖర్చు పెట్టకు, ఫలితం పెద్దగా తెలియదు.

నువ్వు బౌల్ చేసుకున్నా, గైడ్‌లు, సీటు కటింగ్ షాపులోనే చేయించు. వరస తప్పొద్దు: ముందు నీ గ్రైండింగ్, తర్వాత గైడ్‌లు, చివర్లో సీట్లు. గ్రైండర్‌కు బిగించే పళ్ల ముక్క, అంటే బర్, జారి సీటు మీద గీత పడటం మామూలే, చిన్నదైతే ఆ కటింగ్‌లో పోతుంది. సీటు కట్టర్ నిలబడేది గైడ్ ఆధారంగానే కాబట్టి గైడ్ అరిగి ఉంటే సీటు కూడా పక్కకు పోతుంది.

నీది అల్యూమినియం హెడ్ కాబట్టి పళ్ల మధ్య ఎడం ఎక్కువున్న బర్ తీసుకో, మైనం పూస్తూ ఉండు, లేకపోతే లోహం పళ్లలో ఇరుక్కుంటుంది. స్పీడ్ తగ్గించుకునే వీలున్న గ్రైండర్ అయితే మంచిది. కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. వదులు గ్లౌజులు వేసుకోకు, తిరిగే బర్ లాక్కుంటుంది.

పని అయ్యాక వేడి సబ్బు నీళ్లతో, సన్న బ్రష్‌తో ఆయిల్ దారులన్నీ కడిగి గాలి కొట్టు. ఒక్క రజను మిగిలినా బేరింగ్ పాడైపోతుంది, ఇక్కడ బద్ధకించకు.

ముందు ఇదే మోడల్ పనికిరాని హెడ్ ఒకటి సంపాదించు. ఒక పోర్ట్‌ను నిలువునా రంపంతో కోసి, చల్లబరిచే నీళ్లు తిరిగే వాటర్ జాకెట్ వరకు గోడ ఎంత మందం ఉందో కాలిపర్‌తో కొలువు. మిగిలిన పోర్టుల మీద చెయ్యి సాధన చేసుకో. ఆ కొలతలూ, నువ్వు చేసిన బౌల్ ఫోటోలూ నాకు పంపు. నేను చూసి చెప్పేదాకా నీ అసలు హెడ్ మీద బర్ పెట్టకు.

నీ మామయ్య