విలాంగు చేపకు దవడలు ఉంటాయా?

ప్రశ్న: కాశిమేడులో విలాంగు అని అమ్మే పాము చేపకు జంట రెక్కలు లేవు, పొలుసులూ లేవు. ఇది లాంప్రేనే అంటున్నాడు మా అబ్బాయి. పైగా ఈ దవడలు లేని చేపలను ఒక పుస్తకం అగ్నాతా అంటే, ఇంకొకటి సైక్లోస్టొమేటా అంటోంది. ఏది సరి?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: అది లాంప్రే కాదండీ. లాంప్రేలు చల్లని, సమశీతోష్ణ ప్రాంతాల నీళ్లలోనే బతుకుతాయి. మన దేశంలో లేవు. మీరు చూసింది బహుశా మోరే ఈల్. దానికీ జంట రెక్కలు, పొలుసులు ఉండవు. అందుకే ఒంటి తీరు చూసి తేల్చకూడదు, నోరు చూడాలి.

ఈసారి పుల్లతో నోరు తెరవండి. పళ్లు చాలా పదును, వేలు పెట్టొద్దు. పైదవడ, కిందిదవడ విడిగా కనిపిస్తే అక్కడితో సందేహం తీరినట్టే. లాంప్రేకు దవడలే లేవు. గుండ్రటి గరాటు లాంటి నోరు, దాని లోపల కొమ్ము పదార్థంతో ఏర్పడిన పళ్లు, గీకే నాలుక ఉంటాయి. మొప్ప రంధ్రాలు పక్కకు ఏడేసి. మోరేకు పక్కకు ఒక్కటే. ముక్కు రంధ్రం లాంప్రేకు నడినెత్తిన ఒకటే ఉంటుంది.

దవడలు లేని చేపలన్నిటికీ ఏడు రంధ్రాలే అనుకోకండి. సముద్రంలోనే ఉండే హాగ్‌ఫిష్‌కు జాతిని బట్టి ఒకటి నుంచి పదహారు జతల దాకా ఉంటాయి. దాని ముక్కు రంధ్రం మూతి కొసన ఉంటుంది, నోటి దగ్గర మీసాలుంటాయి. పట్టుకుంటే జిగురు వదులుతుంది. ఆ జిగురు తన మొప్పలకే అడ్డుపడే ప్రమాదం ఉంది కనుక, ఒంటిని ముడి వేసుకుని ఆ ముడిని తల వైపు జరుపుతూ తుడిచేసుకుంటుంది. ఎంత చక్కటి ఏర్పాటో!

ఇక వర్గీకరణ. 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ హాగ్‌ఫిష్‌ను పురుగుల్లో చేర్చాడు. వెన్నుపూసలు లేవని తర్వాత కూడా చాలామంది దాన్ని సకశేరుకాల బయటే ఉంచారు. 2010లో మైక్రో ఆర్‌ఎన్‌ఏల (జన్యువుల పనిని అదుపు చేసే చిన్న అణువుల) పోలిక లాంప్రే, హాగ్‌ఫిష్ ఒకే శాఖవని చూపింది. మరుసటి ఏడు హాగ్‌ఫిష్ తోక భాగంలో వెన్నుపూసల ఆనవాళ్లు బయటపడ్డాయి. కాబట్టి ఈ రెండిటికీ సైక్లోస్టొమేటా సరైన పేరు. అగ్నాతాలో ఆస్ట్రకోడెర్ములూ, అంటే ఎముక కవచం ఉండి అంతరించిపోయిన దవడలు లేని చేపలూ కలుస్తాయి. వాటిలో చాలావాటికి దవడలున్న చేపలతోనే దగ్గరి చుట్టరికం కనుక అగ్నాతా ఒకే శాఖ కాదు. పరీక్షలో మాత్రం నిర్దేశించిన పుస్తకం పద్ధతే రాయించండి.

కాలేజీ ల్యాబులో సీసాలోని లాంప్రేను చూసేటప్పుడు కన్నును కూడా కలిపి ఎనిమిది రంధ్రాలని రాసేస్తుంటారు. కన్ను వెనక నుంచి లెక్కపెట్టమనండి.