బీరువా తలుపులు ఊడదీయి

చి. సుధకు,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం.

మీ శాఖా గ్రంథాలయంలో పదమూడు, పద్దెనిమిదేళ్ళ మధ్య పిల్లల కోసం కొత్త పుస్తకాలు కొంటున్నావనీ, 30,000 రూపాయలు మంజూరయ్యాయనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పొంగిపోయాను. ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకే బెంగ పట్టుకుంది. ఆ పుస్తకాలన్నిటికీ సంతకం పెట్టేది నువ్వు. లెక్కలో ఒక్కటి తగ్గినా పిలిచి అడిగేది నిన్నే. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని చదువు.

తేలికవి ముందు చెప్పేస్తా. మూడు కొటేషన్లు తీసుకో. తగ్గింపు ఎంతో బిల్లు మీదే రాయించు. పెట్టె విప్పగానే బిల్లు పక్కన పెట్టుకుని ఒక్కో పుస్తకానికీ టిక్కు కొట్టు. ఫారం, అంటే ఒకే కాగితం మీద అచ్చై మడిచిన పుటల కట్ట, తలకిందులైనవి, మధ్యలో తెల్ల కాగితాలు వచ్చినవి ఉంటే ముద్ర వేయకముందే తిప్పి పంపు. ముద్ర పడ్డాక ఏ దుకాణమూ వెనక్కి తీసుకోదు.

డబ్బు మార్చి 31 లోపు ఖర్చు కావాలి కదా అని అంతా ఒకే బిల్లులో పొయ్యకు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలకు ఎలాగూ బడి పిల్లలు వస్తారు. అప్పుడే వాళ్ళ చేత చీటీలు రాయించు. డిసెంబరులో హైదరాబాద్‌లో, జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక ప్రదర్శనలు జరుగుతాయి. ఏదో ఒకదానికి స్వయంగా వెళ్ళి 18,000 మేరకు ఎంపిక చెయ్యి. తగ్గింపు పోను పుస్తకం సగటున 150 రూపాయలు పడుతుందనుకుంటే 120 పుస్తకాలు. సంక్రాంతి సెలవులకల్లా అవి ర్యాకులో ఉండాలి. అవి చూసిన పిల్లలు ఏం అడుగుతారో రాసుకుని, ఫిబ్రవరిలో మిగిలిన 12,000తో ఇంకో 80 తెప్పించు. పదో తరగతి పరీక్షలయ్యి, వేసవి శిబిరం మొదలయ్యే వేళకు మొత్తం 200 సిద్ధంగా ఉంటాయి. ఫిబ్రవరిలో మాత్రం ప్రారంభోత్సవం పెట్టకు. అప్పుడు ఏ ఇంట్లోనూ పిల్లల చేతికి కథల పుస్తకం రానివ్వరు.

చీటీలో "మీకు ఏ పుస్తకాలు కావాలి?" అని అడగకు. "మంచి పుస్తకాలు" అని రాస్తారు, లేదా పక్కనున్న మాస్టారికి నచ్చే జవాబు రాస్తారు. "పొద్దుపోయినా ఆపకుండా చూసింది, చదివింది, ఆడింది ఏమిటి?" అని అడుగు. దెయ్యాలు, క్రికెట్టు, హత్య ఎవరు చేశారన్న కథ, మొబైల్ ఆటలు, ఒక సినిమా నటుడు అని వస్తాయి. నవ్వకు. నీ కొనుగోలు జాబితా అదే.

చిన్నపిల్లలకు తెలుగులో బొమ్మల పుస్తకాలు బాగానే వస్తున్నాయి. పెద్దవాళ్ళకు నవలలు సరేసరి. నడిమి వయసుకని రాసిన పుస్తకాలే మనకు పలుచన. నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ లాంటి ప్రచురణ సంస్థల జాబితాలు తిరగెయ్యి. సాహిత్య అకాడెమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది, ఆ పేర్లూ చూడు. అయితే జాబితా చూసి ఆర్డరు పెట్టకు, పుస్తకం చేత్తో పట్టుకుని చూశాకే పెట్టు. పురస్కారం పొందిన పుస్తకం ఏడేళ్ళ పిల్లకు రాసింది కావచ్చు. అది నీ పదిహేనేళ్ళ కుర్రాడి ముందు పెడితే నీ ర్యాకు వైపు మళ్ళీ రాడు. ఖాళీని అనువాదాలతో, పెద్దల కోసం రాసిన పొట్టి నవలలతో, ఆటగాళ్ళ, శాస్త్రవేత్తల జీవితకథలతో నింపు. కామిక్స్ కొనడానికి మొహమాటపడకు. నీతికథల సెట్లు మాత్రం వద్దు. ఏజెంటు సగం ధరకిస్తానన్నా వద్దు. ఇక భాగాలుగా వచ్చే పుస్తకమైతే అన్ని భాగాలూ కొను, లేదంటే అసలు కొనకు. రెండో భాగం లేని మొదటి భాగం ఇవ్వడమంటే పిల్లవాణ్ణి విస్తరి ముందు కూచోబెట్టి లేపేయడమే.

కొనేటప్పుడు రెండు పరీక్షలు చెయ్యి. మొదటిది అచ్చు. నీ పాఠకుల్లో చాలామంది ఇంగ్లీషు మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతారు. పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతుంటే వాళ్ళకు నాలుగో పుటలోనే విసుగొస్తుంది, పుస్తకం బాగోలేదంటారు. బాగోలేనిది అచ్చు. "శాస్త్రం", "రాష్ట్రం" లాంటి మాట ఎక్కడుందో వెతుకు. దాని కింది వత్తుకూ, తర్వాతి వరుస తలకట్టుకూ మధ్య తెల్లదనం కనిపిస్తే తీసుకో. అచ్చు కొలత పాయింట్లలో కావాలంటే 14 పాయింట్ల అక్షరానికి వరుసల ఎడం 18కి తగ్గకూడదు. మొదటి విడతలో సగమైనా పది ఫారాలు, అంటే 160 పుటలు దాటనివి ఉండనీ.

రెండోది బైండింగు. పుస్తకాన్ని సరిగ్గా మధ్యకు తెరిచి బొటనవేలితో నొక్కు. చిటుక్కుమంటే, లోపల జిగురు గీత తెల్లగా పగిలితే, అది ఐదారు చేతులు మారేసరికి పుటలు రాలుస్తుంది. కుట్టు బైండింగు దొరికితే పది రూపాయలు ఎక్కువైనా అదే తీసుకో. జిగురుదే దిక్కయితే, బాగా తిరిగే వాటికి రెండేసి ప్రతులు కొను. కొత్త పుస్తకానికి అట్ట చింపి కాలికో (ముతక గుడ్డ) బైండింగు చేయించే పాత అలవాటు మీ శాఖలో ఇంకా ఉంటే ఆపెయ్యి. ఈ వయసువాళ్ళు అట్ట చూసే పుస్తకం తీస్తారు. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ అట్ట చాలు. సెల్లోటేపు మాత్రం దగ్గరికి రానివ్వకు, రెండు వేసవులకు పచ్చబడి జిగురు కారుతుంది, పక్క పుస్తకం దానికి అంటుకుంటుంది. పుస్తకం కార్డు పెట్టే కాగితపు జేబులు అంటించడానికి మైదా గంజి కాచుకుంటే అందులో చిటికెడు మైలుతుత్తం కలుపు, లేకపోతే బొద్దింకలు, పుస్తకపు పురుగులు దాని కోసమే వస్తాయి. అది విషం, గిన్నె వేరే పెట్టు.

ఇక రిజిస్టరు. ఇక్కడ మాత్రం నా నస భరించాలి. చేర్పు సంఖ్య (గ్రంథాలయంలో చేరిన వరుసలో ఒక్కో ప్రతికీ ఇచ్చే నంబరు), తేదీ, రచయిత, పేరు, ప్రచురణకర్త, సంవత్సరం, పుటలు, ధర, బిల్లు నంబరు, ఏ గడీ ఖాళీ వదలకు. కంప్యూటర్లో ఎక్కించానంటావు, ఎక్కించు, కానీ చేతి రిజిస్టరు ఉండాలి. ముఖపత్రం (పేరు, రచయిత అచ్చైన లోపలి పుట) వెనక, చివరి పుటలో, మీ శాఖ రహస్య పుటలో, అంటే పుస్తకం మీదేనని గుర్తుపట్టడానికి మీరు ఎంచుకున్న పుటలో, ముద్ర వెయ్యి. రహస్య పుట 17 అయితే అన్నిటికీ 17 వేయాలి. చేర్పు సంఖ్య ముద్ర ఉన్న ప్రతి చోటా రాయి. రెండు ప్రతులుంటే రెండు సంఖ్యలు. వెన్ను మీద చీటీ కింది అంచు నుంచి అంగుళం పైన అంటించు, తెలుగు నవలకు డ్యూయీ వర్గీకరణ సంఖ్య 894.8273 అని, కింద రచయిత పేరు మొదటి అక్షరాలు. రోజుకు 30 పుస్తకాలకు మించి చేయకు. చేయి అలిసినప్పుడే ఒకే సంఖ్య రెండు పుస్తకాల మీద పడుతుంది. ఏడాది తర్వాత తనిఖీలో ఒకటి పోయినట్టు తేలుతుంది, పుస్తకమేమో నీ కళ్ళెదుటే ఉంటుంది. ముప్పై అయ్యాక లేచి అన్నం తిను. నీ సంగతి నాకు తెలుసు, పని పడితే అన్నం సంగతే మర్చిపోతావు.

రిజిస్టరు గురించి ఇంత ఎందుకు పోరుతున్నానంటే, అది గట్టిగా ఉంటేనే బీరువాకు తాళం వేయకుండా ఉండగలవు.

గ్రంథాలయాల్లో తరతరాలుగా నడిచిన తప్పు ఇదే, గ్రంథాలయాల్లో పనిచేసిన మా వాళ్ళమంతా చేసిందే. కొత్త పుస్తకాలు వస్తాయి. బదిలీ అయి ఛార్జి ఇంకొకరికి అప్పగించే రోజు లెక్క తగ్గితే ధర జీతంలో కోస్తారన్న భయం ఉంటుంది. దాంతో కొత్తవన్నీ అద్దాల బీరువాలోకి వెళ్తాయి, తాళంచెవి సొరుగులోకి. అద్దం మీద పుస్తకాల జాబితా అంటిస్తారు. చూసేవాళ్ళకు అంతా సవ్యంగానే ఉంటుంది. పద్నాలుగేళ్ళ పిల్ల వచ్చి అద్దంలోంచి చూస్తుంది. కావాలంటే బల్ల దగ్గరికి వెళ్ళి, పెద్దాయనతో, నలుగురి ముందు, పుస్తకం పేరు పైకి చెప్పి, తాళం తీయించుకోవాలి. తీశాక వద్దనిపిస్తే? ఆయన్ని అనవసరంగా లేపినట్టవుతుంది. అందుకని అడగదు. ఆడపిల్లలు ఒంటి మార్పుల గురించిన పుస్తకాన్ని అసలే అడగరు. మగపిల్లలు అడిగి ఒకసారి "ముందు చదువు చూసుకో" అనిపించుకుంటే చాలు, రెండోసారి రారు.

లోపలేమో గాలి ఆడదు. కోస్తా ఉక్కకు అట్టలు వంకర తిరుగుతాయి, కాగితం మీద గోధుమ మచ్చలు పడతాయి, వెండిరంగు పురుగులు జిగురు తింటాయి. మూడేళ్ళకు తాళం తీసి చూస్తే పుస్తకం ఇచ్చినప్పుడల్లా ముద్ర వేసే తేదీ చీటీల మీద ఒక్క ముద్ర ఉండదు. లెక్క మాత్రం కచ్చితంగా సరిపోతుంది. తనిఖీ నివేదికలో లోటు సున్నా. ఆ సున్నాను చూసి సంతోషించేవాళ్ళం, అదీ మా తెలివి.

గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో రాసిన అయిదు సూత్రాల్లో మొదటిది పుస్తకాలు వాడుకోవడానికే అన్నది. దాని కింద ఆయన చెప్పుకొచ్చింది పూర్వం యూరప్‌లో పుస్తకాలను గొలుసులతో బల్లలకు కట్టేసిన సంగతి. గొలుసు పోయింది, మనం తాళం తెచ్చాం. గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. నీళ్ళలో పడతాయన్న భయం ఆయనకు లేదు, నాలుగు గోడల మధ్య మనకుంది.

భయం లెక్కగా చూస్తే చిన్నది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017 ప్రకారం ఏడాదిలో ఇచ్చిన, అక్కడే చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకూ అయిదు పోవడం సహజమే, నిర్లక్ష్యమో మోసమో కాకపోతే. నీ 200 పుస్తకాలు ఏడాదికి ఎనిమిదేసి సార్లు బయటికి వెళ్తే 1,600. దాని మీద ఎనిమిది పుస్తకాలు, అంటే 1,200 రూపాయలు. అదే నియమంలో వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం పోతే విచారణ తప్పదని కూడా ఉంది, కాబట్టి ఖరీదైన విజ్ఞాన సర్వస్వాలు ఒకటి రెండు ఉంటే బల్ల మీదే చదివించు. ఇది కేంద్రం నియమం సుమా. మీ జిల్లా గ్రంథాలయ సంస్థలో ఏం చెల్లుతుందో ముందే అడుగు, నోటిమాట కాదు, కాగితం మీద రాయించుకో. ఆ కాగితం చేతికొచ్చేదాకా నాకు నిద్ర పట్టదు. వచ్చిన రోజు ఫోన్ చెయ్యి.

ర్యాకు ఎక్కడ పెడతావు? చిన్నపిల్లల పొట్టి కుర్చీల పక్కన పెడితే వీళ్ళకు నామోషీ. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షకు చదివే అన్నల మధ్య పెడితే ఒక్క నవ్వుకు పదిమంది తలలెత్తి చూస్తారు. ఫ్యాను కింద, నీ బల్లకు పక్కగా, నువ్వు తల తిప్పితేనే కనిపించేంత దూరంలో పెట్టు. గోడకు నాలుగంగుళాల ఎడం, నేలకు ఆరంగుళాల ఎత్తు, కిటికీ జల్లు పడని చోటు. పై అర అయిదడుగులు దాటకూడదు. మూడడుగుల అరలో డెమ్మీ (మామూలు నవల సైజు) పుస్తకాలు అట్ట కనిపించేలా పేరిస్తే ఆరు పడతాయి. కళ్ళ ఎత్తులో ఉన్న ఒక్క అర అలా ఉంచి, వారానికోసారి మార్చు. మిగతావి వెన్ను కనిపించేలా పెట్టు, ప్రతి అరలో మూడోవంతు ఖాళీ వదులు. కిక్కిరిస్తే లాగినప్పుడు వెన్ను పైభాగం చిరుగుతుంది.

బోర్డు మీద "బాలల" అని రాయకు, "కౌమార విభాగం" అని అసలే రాయకు, ఆరోగ్య శాఖ కరపత్రంలా ఉంటుంది. "కొత్తవి" అని రాయి, చాలు.

ఆలస్యానికి డబ్బు వసూలు చేయకుండా ఉండే వీలుంటే చేయకు. పన్నెండు రూపాయలు బాకీపడ్డ పిల్లవాడు రాడు, పుస్తకమూ రాదు. ఇచ్చేటప్పుడు పుస్తకం పేరు పైకి చదవకు. ఎవరైనా తండ్రి వచ్చి ఇలాంటివి ఇస్తారా అని గొడవపడితే కూచోబెట్టి నీళ్ళివ్వు, రాతపూర్వకంగా ఇమ్మను, పుస్తకం పూర్తిగా చదివాక జవాబిస్తానని చెప్పు. ఆ క్షణంలో ర్యాకులోంచి తీసెయ్యకు. నువ్వు మెతక, ఎవరైనా గొంతు పెంచితే సరేనంటావు, అందుకే చెబుతున్నా.

చివరిగా ఆ బీరువా. మీ శాఖలో ర్యాకులకు డబ్బులేదని మీ అమ్మ అంది. పాత స్టీలు బీరువానే ర్యాకుగా వాడుకో. జరిపే అద్దాలైతే రెండు చేతులతో పైకెత్తి, కింది అంచు ముందుకు లాగు, గాడిలోంచి వచ్చేస్తాయి. మొదట ముందరి అద్దం తీయాలి, వెనకది కాదు. మడతబందుల తలుపులైతే కింది బందు మరలు మొదట విప్పు, ఇంకొకరు తలుపు పట్టుకోవాలి, ఒక్కదానివే చేయకు. తుప్పుపట్టిన మరకు రెండు చుక్కల కొబ్బరినూనె వేసి రాత్రంతా వదిలెయ్యి. తీసిన తలుపులు పాత పేపర్లలో చుట్టి అటక మీద పెట్టు, ఫర్నిచరు రిజిస్టరులో తేదీ వేసి "తలుపులు 2, విడిగా భద్రపరచడమైనది" అని రాసి సంతకం చెయ్యి. పుస్తకాల సంగతి మర్చిపోయినా, ఆ తలుపులేవని ఆడిట్ వాళ్ళు తప్పకుండా అడుగుతారు.

ఇట్లు,
మావయ్య